కోళ్ళగూటికి తుపాకి కాపలా: పాయింట్ 22, మన ఆయుధ చట్టం

సర్వీసు పూర్తి చేసుకుని సొంత ఊరు చేరిన మాజీ సైనికుడి పెరట్లో పది నాటుకోళ్ళు ఉండటం మన పల్లెల్లో మామూలే. పగలు ముంగిస, రాత్రి బావురుపిల్లి వాటి మీద కన్నేయడమూ మామూలే. అప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళు వేసే ప్రశ్న ఒకటుంది: "సుబేదారు గారూ, మిలిటరీలో చేసొచ్చారు గదా, ఒక పాయింట్ 22 కొనేస్తే పీడ వదిలిపోదా?" ప్రశ్న చిన్నదే. కానీ జవాబు వెనుక నూట నలభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది తెలియక కొందరు చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు తూటా సంగతి. ఈ చిన్న తూటాకు మూలం 1845 ప్రాంతంలో ప్యారిస్‌లో ఫ్లోబెర్ అనే తుపాకుల తయారీదారు ఇంటి లోపల గురి సాధన కోసం చేసిన తూటా. 1857లో, అంటే మన సిపాయిలు తిరగబడిన సంవత్సరంలోనే, అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ పాయింట్ 22 షార్ట్ తూటాను చిన్న రివాల్వర్‌తో పాటు తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ లాంగ్ రైఫిల్ తూటా వచ్చింది. చవక, చప్పుడు తక్కువ, భుజానికి దెబ్బ ఉండదు. అందుకే అమెరికా పల్లెల్లో అది రైతు ఇంటి తుపాకి అయిపోయింది. బ్రిటిష్ సైన్యం మాత్రం దాన్ని నేర్చుకునేవాడి చేతిలో పెట్టింది. పాయింట్ 303 ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళనే పాయింట్ 22కు మార్చి రంగరూట్లకు గురి నేర్పారు. మనలో చాలామంది ఎన్‌సిసిలో మొట్టమొదట పేల్చింది కూడా పాయింట్ 22నే. అలా మన దేశంలో అది గురి నేర్పే రైఫిల్‌గా పేరు తెచ్చుకుంది.

ఇక చట్టం. 1857 తరువాత జనం చేతిలో ఆయుధం ఉండకూడదని తెల్లదొరలు నిశ్చయించుకున్నారు. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఇండియన్ ఆర్మ్స్ యాక్ట్ వచ్చింది. లైసెన్సు లేనిదే తుపాకి పట్టుకోరాదు. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు! అదే కాలంలో కొడగు ప్రజలకు కూడా మినహాయింపు దక్కింది. అది ఇప్పటికీ ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది.

ఈ చట్టం మన పెద్దల మనసును ఎంత గాయపరిచిందో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 1930లో గాంధీజీ ప్రభుత్వం ముందు పెట్టిన పదకొండు కోర్కెలలో, ప్రజల అదుపుకు లోబడి ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలోనూ నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు చేరింది. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే గదా.

స్వతంత్రం వచ్చాక పాత చట్టం పోయి 1959 ఆయుధ చట్టం వచ్చింది, 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. దీని 13వ సెక్షన్ ప్రతి ఫౌజీ చదవాలి. రక్షణకు, క్రీడకు అయితే గొట్టంలో గాడులు లేని, 20 అంగుళాలకు తక్కువ కాని తుపాకి. నిజమైన పంట రక్షణకు అయితే నోటివైపు నుంచి మందు దట్టించే తుపాకి, అది చాలదని అధికారి భావిస్తే గాడులు లేని మరో తుపాకి. పాయింట్ 22 రైఫిల్ మాట వచ్చేసరికి మాత్రం గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధనకు వాడుకోవడం అని రాశారు. మిగతా ఏ కారణమైనా తగినదని లైసెన్సు ఇచ్చే అధికారికి మనమే నచ్చజెప్పుకోవాలి. పంట మాట చట్టంలో ఉంది, కోడి మాట లేదు. చదివినవాళ్ళకు తేడా తెలుస్తుంది.

2019 సవరణతో ఒక మనిషికి గరిష్ఠంగా రెండు తుపాకులే, లైసెన్సు గడువు ఐదేళ్ళు. ఎన్నికలు వస్తే చాలాచోట్ల తుపాకి తీసుకెళ్ళి అప్పగించి రావాలి. ఆ రోజుల్లో కోళ్ళకు కాపలా ఎవరు?

లైసెన్సు దొరికిందనే అనుకుందాం. కాల్చేది దేన్ని? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిపిల్లి, ముంగిస, నక్క రక్షిత జంతువులు. కోడిని ఎత్తుకుపోయిందని మనంతట మనం కాల్చడానికి వీల్లేదు. మనిషి ప్రాణం కాపాడుకోవడం వేరు, కోడిని కాపాడుకోవడం వేరు. మొదటి షెడ్యూలు జంతువును చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. శిక్ష పడితే ఆ తుపాకి లైసెన్సు రద్దు చేయాలని, ఐదేళ్ళ దాకా మరొకటి ఇవ్వరాదని కోర్టు ఆదేశించవచ్చు. మనలో ఎందరో 12 బోర్ లైసెన్సు మీదే బ్యాంకు గన్‌మన్‌గా బతుకు వెళ్ళదీస్తున్నారు. ఒక పిల్లి కోసం ఆ ఉద్యోగం పోగొట్టుకోవడమా?

ఇక ఫౌజీ బుద్ధితో ఆలోచిద్దాం. పాయింట్ 22 చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. లాంగ్ రైఫిల్ తూటా సుమారు ఒకటిన్నర మైలు దాకా పోగలదు. రేంజ్‌లో టార్గెట్ వెనుక మట్టి బట్ ఉంటుంది, ఎర్రజెండా ఉంటుంది, ఉస్తాద్ ఉంటాడు. పెరట్లో ఏముంది? పక్కింటి గోడ, దాని అవతల పశువుల కొట్టం, ఆడుకునే పిల్లలు. రాతికి తగిలిన తూటా ఏ దిక్కుకు మళ్ళుతుందో చెప్పలేం. చీకట్లో, టార్చిలైటు వెలుగులో, కదిలే పిల్లి మీద కాల్చమని ఏ ఉస్తాదూ నేర్పలేదు.

మన అమ్మలు, అమ్మమ్మలు తుపాకి లేకుండానే కోళ్ళను కాపాడుకున్నారు. పొద్దు గూకే ముందే కోళ్ళను గంప కింద కమ్మి, పైన రాయి పెట్టేవారు. దాన్నే ఇప్పటి సామానుతో గట్టిగా చేద్దాం. కోళ్ళకోసమని అమ్మే పల్చని వల కోడిని లోపల ఉంచుతుందే గాని పిల్లిని బయట ఆపదు. అర అంగుళం కళ్ళున్న వెల్డ్ మెష్ వేసి, కింది అంచును అడుగు లోతు మట్టిలో పాతాలి, తవ్వే జంతువు అక్కడే ఆగిపోతుంది. పైకప్పు కూడా మూయాలి. తలుపుకు పంజాతో లాగితే ఊడిపోని గడియ పెట్టాలి. రాత్రికి మిగిలిన దాణా తీసేయాలి.

డిఫెన్సులో కూర్చున్నప్పుడు మనం ముందు చేసిన పని ఏమిటి? మోర్చా తవ్వడం, తీగ కట్టడం. కాల్పులు ఆ తరువాతి మాట. కోళ్ళగూటి దగ్గర కూడా ముందు తీగ కట్టండి. పాయింట్ 22 మీద మోజు ఉంటే రైఫిల్ క్లబ్బులో చేరి, మనవళ్ళకు గురి నేర్పించండి. ఆ తుపాకికి మన చట్టం చూపిన చోటు అదే.

జై హింద్.