కరణంగారి భోషాణం

దుక్మ్ లో మన తెలుగు కుటుంబాలు నలుగురు కూడితే, రేవు పనులూ పిల్లల చదువులూ అయ్యాక మాట పొలాల మీదికి పోతుంది. పాస్ బుక్కు నాన్నగారి పెట్టెలో ఉంటుంది. సేద్యం అన్నగారో కౌలుదారో చూస్తుంటారు. సర్వే నంబరు మనకు నోటికి రాదు. అందుచేత ఊరి లెక్కల కథ కొంత ఇక్కడ మనవి చేస్తున్నాము.

మద్రాసు రాజధానిలో రైత్వారీ పద్ధతి వచ్చాక ఊరి లెక్క కరణం చేతి రాత. ఏ నంబరులో ఎవరి సాగు, ఏ పైరు, శిస్తు ఎంత అనేవి ఫసలీ వారీగా అడంగలులోనూ చిట్టాలోనూ ఎక్కేవి. నిజాం రాజ్యంలో ఈ పని పట్వారీది, పుస్తకం పహాణీ. పుస్తకాలు సర్కారువే గాని ఉండేది కరణంగారి ఇంట్లో, భోషాణంలోనో అటక మీదో. రైతు తన పేరు తాను చూసుకోవాలంటే ఆ గడప ఎక్కాలి. సుమతీ శతకకారుడు పనిగట్టుకుని కరణాల మీద పద్యాలు చెప్పడం ఊరికే జరగలేదు.

అయితే అడిగేవాడే లేడనడం అన్యాయం. ఏటా జమాబందీ ఉండేది. పై అధికారి ఎదుట కరణం తన లెక్కలన్నీ పెట్టి ఒప్పించుకోవాలి. కాని ఆ తనిఖీ సర్కారు కోసం. శిస్తు మొత్తం సరిపోతే కరణం గట్టెక్కినట్టే. ఆ శిస్తు ఎవరి పేరున ఉందన్న గొడవ రైతుది.

ఈ గ్రామోద్యోగాలు తండ్రి నుండి కొడుక్కు వచ్చేవి. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి మీద తగాదా సుప్రీం కోర్టు దాకా వెళ్ళగా, వంశాన్ని బట్టి ఉద్యోగమివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 1960 లో తీర్పు వచ్చింది. తమిళనాడు 1980 లో గ్రామాధికారుల పదవులు తీసేసింది. రామారావుగారి ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా మన రాష్ట్రంలోనూ రద్దు చేసింది. 1985 లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. రద్దు న్యాయమే అని మా అభిప్రాయం. అయితే పదవి ఒక్క సంతకంతో పోతుంది, పుస్తకం అట్లా రాదు. కొందరు కరణాలు దస్త్రాలన్నీ అప్పగించారు, కొందరు సగం అప్పగించారు. వచ్చినవాటిలో పాత రాతలు చదవగలవారు తక్కువ. తెలంగాణ పాత కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉండేవి. 1985 లో మండలాలు వచ్చి, భోషాణం ఊరి నుండి మండలాఫీసుకు మారింది. తాళం చెవి మాత్రం రైతు చేతికి రాలేదు.

తెలంగాణలో 2020 సెప్టెంబరులో ఇదే కథ మళ్ళీ నడిచింది. ఈసారి పోయినవారు వి.ఆర్.ఓ.లు. దస్త్రాలు ఆ రోజే అప్పగించమన్నారు. అక్టోబరు 29 న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూట కావడం మేలే, కాదనము. కాని అనుభవదారు కాలమ్ ఎత్తివేశారు. తగాదా ఉందన్న భూములను పార్టు-బీ లో పెట్టారు. యజమాని కోరితే తన వివరాలు ఇతరులకు కనబడకుండా దాచుకునే వీలిచ్చారు. తప్పు పడితే పై అధికారికి అప్పీలు లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. కరణంతో కనీసం పోట్లాడడానికి ఒక మనిషి ఉండేవాడు! 2025 ఏప్రిల్ లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి అప్పీలును తిరిగి తెచ్చింది.

మా వృత్తిలో కేసు షీటు మీద తప్పు రాస్తే దాన్ని చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టి, కింది అక్షరాలు చదవడానికి వీలుగా ఉంచి, పక్కన సరైన మాట రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. రోగికి ఏమందు పడిందన్నది ఎంత ముఖ్యమో, ఎవరు ఎప్పుడు మార్చారన్నదీ అంతే ముఖ్యం. 1954-55 ఖాస్రా పహాణీకి కోర్టుల్లో నేటికీ విలువ ఉన్నదంటే, తర్వాతి రాతలను దానితో పోల్చి చూడవచ్చు గనుక. కంప్యూటరు తెర మీద నేటి పేరొక్కటే కనబడితే, నిన్నటి పేరు ఏమైందని అడగడానికే ఆధారం ఉండదు.

కాగితమైనా క్షేమమని కాదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో నిప్పంటుకుని భూముల ఫైళ్ళు కాలాయి. అది ప్రమాదం కాకపోవచ్చని పోలీసు పెద్దలే మర్నాడు అన్నారు.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు నుండి అమలులో ఉంది. భారత పౌరసత్వం ఉన్నవారు గల్ఫులో ఉన్నా అడగవచ్చు. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఈసారి సెలవుకు వెళ్ళినప్పుడు నేటి 1-బీ ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. నాన్నగారి కాలం నుండి వరుసగా అడంగళ్ళో పహాణీలో ధ్రువీకృత నకళ్ళు అడగండి. పేరు మారిన ప్రతిచోటా ఏ తేదీన, ఏ నంబరు ఉత్తర్వు ప్రకారం, ఏ అధికారి సంతకంతో మారిందో, ఆ ఉత్తర్వు నకలు కూడా అదే దరఖాస్తులో అడగండి.