సర్వరు మాడ్యూళ్ళ అమరిక: మస్టరు అంకె ఎచ్చట నుండవలెను?

గోదావరిఖనిలో కార్మికుని సంవత్సరమును మాసములతో గాక మస్టరులతో, అనగా హాజరులతో, లెక్కింతురు. జీడీకే 11వ ఇంక్లైను వంటి భూగర్భగనిలో దిగువాడు ఏడాదిలో 190 మస్టరులు నింపినచో పూర్తి సంవత్సరము పనిచేసినట్లు. ఓసీపీ-3 వంటి ఉపరితలగనిలోనో, బయట వర్క్‌షాపులోనో పనిచేయువానికి అందులకు 240 కావలెను. 1952 నాటి గనుల చట్టము విధించిన భేదమిది. ఆ చట్టము క్రింద జీతముతో కూడిన సెలవు కూడ లోపలివానికి 15 దినముల పనికొకటి, వెలుపలివానికి 20 దినములకొకటి. జీతపు బిల్లు కంప్యూటరు కెక్కినచోటనెల్ల ప్రోగ్రాము వ్రాయువాడు తేల్చుకొనవలసినది ఒక్కటే: ఈ 190, 240, 15, 20 అను అంకెలు ఎచ్చట నుండవలెను?

తొలినాళ్ళ కోబాలు ప్రోగ్రాములలో అట్టి అంకెలు తరచుగా ఆదేశముల నడుమనే కలిసిపోయి యుండెడివి. నియమము మారినపుడెల్ల ప్రోగ్రామును విప్పి, అంకెను దిద్ది, తిరిగి కంపైలు చేసి, వెనుకటి నెల బిల్లుతో సరిచూచిన గాని జీతములు విడుదల చేయుటకు వీలుండెడిది కాదు. 1975 జనవరి 1 నుండి అమలైన తొలి జాతీయ బొగ్గు వేతన ఒప్పందము మొదలుకొని వేజ్ బోర్డులని పిలుచు ఇట్టి ఒప్పందములు ఒకదాని వెంట నొకటి వచ్చుచునే యున్నవి గనుక, అంకెను ప్రోగ్రాములో పాతిపెట్టుట ఈ పరిశ్రమకు ఎన్నడును పొసగని పద్ధతియే.

ఈ చిక్కునకు వ్యాపార సాఫ్ట్‌వేరు కనుగొన్న మందు పట్టిక. ఐబీఎంను వీడిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో స్థాపించిన సాప్ సంస్థ, 1992లో వెలువరించిన ఆర్/3 వ్యవస్థయందు ఆర్థికము, సరుకులు, యంత్రరక్షణ, మానవవనరులు అని మాడ్యూళ్ళను వేరుపరచి, ఏ సంస్థ వేనిని గ్రహించవలెనో, గ్రహించినవానిని తనకెట్లు మలచుకొనవలెనో అను నిర్ణయమును వేలకొలది పట్టికలలో నింపు విలువలకు వదలివేసినది. గోదావరిఖని గనులను నడుపు సింగరేణి సంస్థయు నేడు సాప్‌నే వాడుచున్నది. ఈ పద్ధతిలో సాధారణముగ సర్వర్లు మూడు తెరగులుగ నుండును: రూపొందించుటకొకటి, పరీక్షించుటకొకటి, నిజమైన పనికొకటి. పట్టికలోని మార్పును మొదటిదానిలో చేసి, మూటగట్టి, రెండవదానిలో సరిచూచి, పిమ్మటనే మూడవదానికి పంపుదురు. ఇది జాగుతో కూడిన పని. కుఱ్ఱ ఇంజనీర్లకు విసుగు పుట్టించునది. వేలమంది జీతము ఒక్క అంకెపై నిలిచియున్నపుడు మాత్రము ఆ జాగునే నేను మెచ్చుకొందును.

వెబ్ సర్వర్ల లోకము ఈ అనుభవమును పెద్దగా పట్టించుకొనక తన దారి తాను వెదకుకొనెను. 1995లో పుట్టిన అపాచీ సర్వరునకు ఏ మాడ్యూళ్ళు కావలెనో తొలుత కంపైలు చేయునపుడే నిర్ణయింపవలసి యుండెను. 1998 నాటి 1.3 కూర్పు వచ్చిన పిదప, అమరిక ఫైలులో ‘లోడ్‌మాడ్యూల్’ అను ఒక పంక్తిని చేర్చుటయో, దాని ముందు హాష్ గుర్తునుంచి మూసివేయుటయో చాలినది. సాఫ్ట్‌వేరు కట్టువాని అధికారము కొంత దానిని నడుపువాని చేతికి ఇట్లు సంక్రమించెను. మరుసటి ఏడు జావా సర్వర్లకై వెలువడిన జే2ఈఈ నిర్దేశము డిప్లాయరు అను పాత్రనే ప్రత్యేకించి, డేటాబేసు పేరు మొదలగువానిని ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రములలో వ్రాయవలెననెను. ఆ పత్రములు పెరిగి పెరిగి చదువుటకే అలవిగాని స్థితి రాగా, 2006 నాటి జావా ఈఈ 5 వానిలో చాల భాగమును అనొటేషన్ల రూపమున మరల ప్రోగ్రాములోనికే తెచ్చినది. వ్రాయుటకు సుఖమే, పాతిపెట్టిన అంకె మాత్రము మరల పాతిపెట్టినట్లైనది.

ఇంతకంటె సూక్ష్మమైన ఆలోచన ఓఎస్‌జీఐది. ఇంటి యుపకరణములను నెట్‌వర్కుతో కలుపు చిన్న పెట్టెలకై 1999లో ఆరంభమైన ఈ కూటమి పద్ధతిని, 2004లో ప్రోగ్రాములు వ్రాయు సాధనమైన ఎక్లిప్స్ 3.0 స్వీకరించిన పిదప సర్వర్లును అందుకొనినవి. ఇందు బండిలు అనబడు ప్రతి మాడ్యూలును తాను ఇచ్చునదేమో, తనకు కావలసినదేమో, ఏ సంచిక మొదలు ఏ సంచిక వఱకు సరిపడునో తన మానిఫెస్టులో ప్రకటించును. కావలసిన బండిళ్ళను పరస్పర విరోధము లేకుండ సమకూర్చుట ప్రొవిజనింగు. సమకూడినవానికి విలువలనిచ్చుట కాన్ఫిగరేషను. ఈ రెండును వేఱనుట ఇచ్చట స్పష్టమైనది. మొదటి పనికై 2008లో ఎక్లిప్స్ 3.4తో వచ్చిన పీ2, ఏ బండిలునకు ఏ సంచిక పొసగునో మనుష్యుని ఊహకు విడువక, తర్కసూత్రములుగ మార్చి సాట్4జే అను సాధనముచే తేల్చుకొనెను. రెండవ పనికి కాన్ఫిగరేషన్ అడ్మిన్ సేవ కలదు. సెలవులు లెక్కించు మాడ్యూలు ఒక్కటే యైనను, దానిని భూగర్భమునకు 190, 15 లతో ఒకమారు, ఉపరితలమునకు 240, 20 లతో ఒకమారు ఏకకాలమున నిలుపుటకు ఈ సేవ వీలు కల్పించును. పైగా సర్వరును ఆపకయే విలువను మార్చవచ్చును. ఇంతటి చక్కని యేర్పాటు సామాన్య ప్రోగ్రామరులలో అంతగా వ్యాపింపకుండుటకు దాని కఠినత్వమే కారణమని నా తలంపు.

తరువాతి కథ వేగముగ సాగెను. ఓస్లోలో మార్క్ బర్జెస్ 1993లోనే సీఎఫ్‌ఇంజినును ఆరంభించి, సర్వరు ఎట్లుండవలెనో వ్రాసిపెట్టినచో యంత్రమే అట్లు సరిదిద్దుకొను మార్గము చూపెను. 2005లో పప్పెట్ అను సాధనము ఆ త్రోవనే నడచినది. 2011 ప్రాంతమున క్లౌడు సంస్థయైన హెరోకు ఇంజనీర్లు అమరిక విలువలను ఎన్విరాన్మెంటు వేరియబుళ్ళలో నుంచవలెనని బోధింపగా, 2013లో డాకరు, ఆపై కుబెర్నెటిస్ అను సాధనములు ఆ బోధను లోకాచారముగ మార్చినవి.

ఈ నూతన పద్ధతులన్నియు ‘ఎచ్చట’ అను ప్రశ్నతోనే సరిపెట్టుకొనినవి. బొగ్గుగనుల జీతపు లెక్క అడుగునది ‘ఎప్పటినుండి’ అని. పదవ వేజ్ బోర్డు ఒప్పందము 2017 అక్టోబరులో కుదిరి 2016 జూలై 1 నుండి వర్తించినది. పదునొకండవది 2023 మే 20న సంతకములై, 2021 జూలై 1 నుండి అమలైనది. దాదాపు 23 నెలల జీతమును వెనుకకు పోయి తిరిగి లెక్కించి, ఏరియర్సు తేల్చవలసి వచ్చినది. సింగరేణి కార్మికులకు దసరా ముందు ప్రకటించు లాభాల వాటాయు ఏటేట మారునదే: 2022-23కు 32 శాతము, 2023-24కు 33 శాతము. ఎన్విరాన్మెంటు వేరియబులునకు నేటి విలువ ఒక్కటే తెలియును, నిన్నటిది చెఱగిపోవును. ప్రాతకాలపు సరుకని యువకులు చిన్నచూపు చూచు సాప్ జీతపు పట్టికలోనో, ప్రతి వరుసకును ఆరంభపు తేదీ, ముగింపు తేదీ కలవు. పాత వరుస పాతకాలమునకు చెల్లుచునే యుండును, క్రొత్తది తన తేదీనుండి పనిచేయును. పదునొకండవ ఒప్పందపు గడువు 2026 జూన్ 30 వఱకే. దాని తరువాతిది ఏనాడు కుదిరినను, ఆ మఱునాటి తేదీనుండి మొదలగు వరుసయే పట్టికలో చేరవలసి యుండును.