కన్యాశుల్కము: రెండు కూర్పులు

నాటకమునో నవలనో రేడియోకు అనువుగ మార్చినపుడెల్ల శ్రోతలనుండి మాకొక ప్రశ్న ఎదురగుచుండును: మూలమును ఏల ముట్టుకొంటిరి? దీనికి గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము చరిత్రకంటె మంచి సమాధానము మాకు కనబడదు. ఏలయన ఆ గ్రంథమును అందరికంటె ముందుగ, అందరికంటె ఎక్కువగ మార్చినవారు గ్రంథకర్తయే.

1892లో విజయనగరమున మొదట ప్రదర్శితమైన ఈ నాటకము 1897లో అచ్చుపడినది. దానివెనుక ఒక లెక్క గలదు. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహములకు ఆనందగజపతి మహారాజు పట్టిక వ్రాయించిరి. 1034 పెండ్లిండ్లు తేలినవి. వానిలో 99 మంది వధువులకు ఐదేండ్లు. ముగ్గురికి ఒక్క యేడు! పాలు మానని పసికందులకు పుస్తె కట్టిరన్న మాట. ఈ అంకెలను గురజాడవారు పీఠికలో చేర్చిరి.

1909లో వెలువడిన రెండవ కూర్పు పేరుకు మాత్రమే రెండవది. ఏడంకముల ఈ నాటకమున, మొదట చిన్నపాత్రగ నున్న మధురవాణి కథకు ఇరుసైనది. నేడు మనము చదువునది, ఆడునది ఈ కూర్పునే. కావున మార్పు అపచారమన్నచో మొదటి అపరాధి గురజాడవారే కావలెను. అయితే ఆయన మార్పు పెంచుటకు; మన మార్పు చాలవరకు కుదించుటకు. ఈ భేదమును మేము మరువరాదు.

1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున వచ్చిన చలనచిత్రమున రామారావుగారు గిరీశముగను, సావిత్రిగారు మధురవాణిగను నటించిరి. సావిత్రిగారి మధురవాణిని చూచినవారికి పుస్తకము చదువునపుడును ఆమెయే కనులముందు నిలుచును.

రేడియోకు రూపములేదు, గొంతే సమస్తము. ఇందు మేలును కలదు, చిక్కును కలదు. విజయనగర ప్రాంతపు పలుకుబడిలో ఎవరి మాట వారిదిగ గురజాడవారు వ్రాసిరి కనుక, పేరు చెప్పకయే పాత్ర తెలియును. కాని మంచముక్రింద దాగిన గిరీశమును, రామప్పంతులును శ్రోతకు చూపుటెట్లు? ఆడపిల్ల వేషమున లుబ్ధావధానులును పెండ్లాడు శిష్యుని గొంతు ఎట్లుండవలెను? మరీ ఆడగొంతైనచో హాస్యము పోవును. మగగొంతైనచో అవధానులు మోసపోవుట నమ్మశక్యము కాదు.

అంతకంటె పెద్ద చిక్కు కత్తిరింపుది. గంటకు కుదింపబూనినపుడు చేయి సహజముగ గిరీశమువైపు పోవును; అతడు నవ్వించును గదా! అప్పుడు జారిపోవువారు బుచ్చమ్మయు, మీనాక్షియు. ఇరువురును విధవలు, ఇరువురును మోసపోయినవారు. వారు లేనిచో పీఠికలోని ఆ అంకెలకు గొంతే యుండదు. అందుచే గిరీశము ఇంగ్లీషు డంబములలో రెండు మూడింటిని వదలుకొనియైనను, బుచ్చమ్మ అమాయకముగ పలుకు ఆ కొద్ది మాటలను ఉంచుటయే మేలని మా అభిప్రాయము. శ్రోతలు నవ్వు తగ్గినదని ఉత్తరములు వ్రాసిన వ్రాయుదురు గాక!