ఉపస్కరశబ్దము – ప్రాచీనుల గృహవ్యవస్థ

ఇల్లు శుభ్రముగ నుంచుట వేఱు. ఇంటిలోని వస్తువులను పొందికగ నుంచుట వేఱు. ఊడ్చి యలికిన యింటనైనను వెదకిన వస్తువు వెదకినచోట దొరకకపోవచ్చును. ఈ భేదమును మన ప్రాచీనులు గుర్తించిరా యను ప్రశ్నమును విమర్శకు లంతగా పట్టించుకొన్నట్లు కానరాదు. ధర్మశాస్త్రములయందు పత్నీధర్మములను దెలుపు శ్లోకములను పాతివ్రత్యప్రశంసలుగా నెంచి దాటిపోవుటయే వాడుకయైనది. ఆ శ్లోకములయందలి ‘ఉపస్కర’మను నొక్క పదమును బట్టి విచారించినచో గృహవ్యవస్థ యొక విద్యగా నెంచబడెననియు, ఆ విద్యతోడ నిల్లాలికి నొకప్పు డధికారము సయితము చేరియుండెననియు దేలుచున్నది.

మొదట శబ్దస్వరూపమును జూతము. ఉపపూర్వకమైన కృఞ్ ధాతువునకు సుడాగమము వచ్చి ఉపస్కరశబ్ద మేర్పడుచున్నది. ఈ యాగమము ఎల్లయెడల రాదు. అలంకరించుట, ఒకచోట జేర్చుట, ప్రతియత్నము మొదలగు కొన్ని యర్థములయందే వచ్చునని పాణిని షష్ఠాధ్యాయ ప్రథమపాదమున విధించెను. ఇందు ప్రతియత్నమన నేమి? ఉన్న వస్తువునకు మఱియొక గుణమును గూర్చి వృద్ధిపొందించుటకుగాని, వృద్ధిపొందిన దానిని ఆ స్థితియందే నిలుపుటకుగాని చేయు పూనిక యని కాశికావృత్తి వివరించుచున్నది. ఈ రెండవ భాగము మిగుల గమనింపదగినది. చేయుట మాత్రమే కాక, చేసినది చెడకుండ నిలుపుటయు నొక క్రియయే యని వైయాకరణు లంగీకరించిరి. గృహిణి దినదినమును జేయు పనిలో నధికభాగ మిట్టిదే. నిన్న తోమిన పాత్రమునే నేడును దోమును. ఫలము క్రొత్తగా నేమియు గనబడదు, మానినప్పుడు మాత్రమే కనబడును. ప్రతియత్నమునకు శాస్త్రకారులు చూపు నుదాహరణమును ఇంటిలోనిదే: వంటచెఱకు నీటికి గుణమును గూర్చుట.

ఉపస్కరమునకు ప్రక్కనే దాయాదివలె అవస్కరమను మాట యున్నది. ఇది వేఱు ధాతువు. చిమ్ముట యను నర్థముగల కౄధాతువునుండి పుట్టి, మలమను నర్థమున మాత్రమే సుడాగమమును బొంది నిపాతనముచే సిద్ధించినది. ఆ యర్థము లేనిచో అవకరమే. చీపురుతో నూడ్చి పాఱవేయబడిన చెత్తను అమరసింహు డీ పేరనే పేర్కొనెను. చేర్చి యుంచదగినదియు, చిమ్మి వేయదగినదియు నని యింటిలోని దంతయు నీ రెండు తెగలలో నిముడును. చిమ్మిన దెచ్చటికి బోవలెనను విచారమును లేకపోలేదు. 1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రమున, వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవవంతును, బురదనీరు నిలిపి దారి నడ్డగించినవానికి నాలుగవవంతును దండము విధింపబడినది. రాజమార్గమున నది రెట్టింపు.

స్మృతులయందు ఉపస్కరశబ్దము రెండు సందర్భముల వచ్చుచున్నది. గృహస్థునకు గల యైదు సూనలలో, అనగా ప్రాణిహింస కలుగు స్థానములలో, మనువు పొయ్యి, సన్నికల్లు, రోలు, నీటికుండలతోపాటు ఉపస్కరమును జెప్పెను. వ్యాఖ్యాతయగు కుల్లూకభట్టు దీనికి గృహోపకరణమని యర్థము చెప్పి చీపురును అందు జేర్చెను. ఇచట నది పాపహేతువు. పత్నీధర్మములయందు అదియే ప్రశంసాహేతువు: ఉపస్కరములను చక్కగ సంస్కరించి యుంచుకొనవలెనని మనువు, సంయతములుగా నుంచుకొనవలెనని యాజ్ఞవల్క్యుడు. ‘సుసంస్కృత’మనగా తోమి తుడిచినదని చెప్పవచ్చును. ‘సంయత’మన నేమి?

ఇచట విజ్ఞానేశ్వరుని వ్యాఖ్య అమూల్యము. ఈతడు కల్యాణపురమున చాళుక్యచక్రవర్తియైన యాఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున మితాక్షరను రచించెను. సంయతమనగా తన తన స్థానమున నుంచబడిన దని యాతని యర్థము. అంతతో విడువక యుదాహరించెను: రోలు, రోకలి, చేట దంచుచోటను, సన్నికల్లును పొత్రమును, ఒకదాని నొకటి యెడబాయకుండ, నూరుచోటను ఉండవలెను. దాయభాగాది వ్యవహారములను అంత సూక్ష్మముగ దర్కించిన పండితుడు వంటయింటి మూలకు వచ్చి, పొత్రము సన్నికల్లును విడిచి పోరాదని చెప్పుట చూచినవారు నవ్వవచ్చును. ఒంటిపూట పొత్రము కానరాక పచ్చడి నిలిచిపోయిన యింటివారు నవ్వరు. వస్తువునకు స్థానమును నిర్ణయించునది దాని జాతి గాదు, దానితో జరుగు పని యని యీ వ్యాఖ్యలోని నియమము. ఱాళ్లన్నియు నొకచోటను, కఱ్ఱలన్నియు నొకచోటను జేర్చుట పొందిక గాదు. దంచుటకు వలసినవి దంచుచోటనే యుండవలెను. ఇంత స్పష్టముగ దీనిని జెప్పిన మఱియొక ప్రాచీనవ్యాఖ్య నాకు గానరాలేదు.

ద్రవ్యశుద్ధి ప్రత్యేకప్రకరణము. ఇల్లు ఊడ్చుటచేతను అలుకుటచేతను, మట్టిపాత్రము మరల గాల్చుటచేతను, రాగి కంచు మొదలగునవి క్షారముచేతను ఆమ్లముచేతను నీటిచేతను శుద్ధి పొందునని మనువు చెప్పెను. బూడిదయు చింతపండును గొని యిత్తడిబిందెను దోము తెలుగు ఇల్లాలికి ఈ శ్లోకము తెలియనక్కఱలేదు. ఇందు స్థానప్రసక్తి లేదు. కావుననే శుద్ధియు సంయమమును వేఱని చెప్పుచున్నాను.

వాత్స్యాయనుడు కామసూత్రముల నాల్గవ యధికరణమున గృహిణి చర్యను వర్ణించుచు ఈ రెంటికి మూడవదానిని గూడ జేర్చెను, అది కాలజ్ఞానము. మట్టి, వెదురు, కఱ్ఱ, తోలు, లోహము వీనితో జేసిన పాత్రములను తగిన కాలమున తగిన వెలకు గొనవలెను. కూరల విత్తనములను సేకరించి ఋతువు ననుసరించి చల్లవలెను. ఏడాది యాయమును లెక్కించి దాని కనుగుణముగ వ్యయము చేయవలెను. దండియు దశకుమారచరితమున గోమినీకథయం దీ నేర్పునే చూపెను. గోమిని చేతి కందినవి ప్రస్థము వడ్లు మాత్రమే. ఊకను నగలు మెఱుగుపెట్టు కంసాలుల కమ్మించి ఆ డబ్బుతో కట్టెలును వంటపాత్రమును దెప్పించినది; వంట ముగిసిన పిమ్మట బొగ్గుల నమ్మించి కూరలును నేయియు పెరుగును సమకూర్చినది. ఆమె యింట అవకరమే లేదు, అంతయు ఉపస్కరమే.

ఇక అధికారవిషయము. తైత్తిరీయసంహిత షష్ఠకాండమున సోమున కాతిథ్యేష్టి జరుపు సందర్భమున పత్ని శకటమును స్పృశించునని చెప్పి, పారీణహ్యమునకు, అనగా గృహద్రవ్యమునకు, పత్నియే యీశ్వరి గదా యని హేతువు చూపబడినది. ఇంటికి వచ్చిన యతిథికి బెట్టవలసినది ఆమె యనుమతితోనే తీయవలెను. ఇచట క్రియ ఈశధాతువు. దాని కర్మమునకు షష్ఠి వచ్చుట పాణినీయమున ప్రసిద్ధము. పత్ని కర్త్రి. స్త్రీలకు ధనము లేదు గావున యజ్ఞాధికారము లేదను పూర్వపక్షమును ఖండించునపుడు, జైమినీయ షష్ఠాధ్యాయభాష్యమున శబరస్వామి స్త్రీస్వామ్యమునకు సాక్ష్యముగ నీ శ్రుతినే యుదాహరించెను. మీమాంసకుల పాఠమున ‘పారిణయ్య’మని యున్నది. పరిణయశబ్దమునుండి వచ్చినచో వివాహకాలమున వచ్చిన సొత్తని యర్థమగును. నహధాతువునుండి వచ్చినచో చుట్టి కట్టి భద్రపఱచినదని యర్థము. సంహితాపాఠమును విడుచుటకు కారణము లేదు గావున రెండవదియే నాకు యుక్తముగ దోచుచున్నది. ఏ పాఠమున నైనను ‘ఈశ’ క్రియ మాఱదు.

ఈ పదమే మనుస్మృతి నవమాధ్యాయమున మరల వచ్చినది. ధనసంగ్రహమున, వ్యయమున, శౌచమున, ధర్మమున, వంటలో, పారిణాహ్యమును జూచుకొనుటలో నామెను నియోగింపవలెనని విధి. పనులన్నియు నున్నవి, ధనసంగ్రహము సయితమున్నది. కాని వాక్యమున కర్త పురుషుడు. పత్ని ద్వితీయాంతమైన కర్మమైనది. దీనికి ముందు శ్లోకమును జదివినచో కారణమును దెలియును: స్త్రీలను బలాత్కారముగ గాపాడుట యెవనికిని శక్యము గాదు, ఈ యుపాయములచేతనే శక్యమట. శ్రుతియందు స్వామ్యమునకు గుఱుతైన గృహద్రవ్యము స్మృతియందు కావలి కుపాయమైనది. ఈ మార్పును సమర్థించుటకు వ్యాఖ్యాతలు పడిన శ్రమను నేను గౌరవింతును; విభక్తి మాత్రము సమాధానపడదు.

రోకలికి స్థానము చెప్పిన విజ్ఞానేశ్వరుడే స్త్రీధనమును నిర్వచించునపుడు దాయముగా వచ్చినదియు, కొన్నదియు, భాగముగా వచ్చినదియు స్త్రీధనమే యని విశాలముగ నర్థము చెప్పెను. ఆంగ్లేయుల కాలమున ప్రీవీకౌన్సిలు దాని నంతటిని అంగీకరింపలేదు. 1956 నాటి హిందూ వారసత్వశాసనముచే గాని స్త్రీకి సంపూర్ణస్వామ్యము సిద్ధింపలేదు.

మితాక్షరను 13వ శతాబ్దియందు తిక్కన సమకాలికుడగు కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. కావున నీ శాస్త్రము మనకు పరాయిది గాదు. అయినను ‘సంయత’శబ్దమునకు తగిన తెలుగుమాటను గ్రంథములకంటె వంటయింటనే వెదకుట మేలు. అడుగు గుండ్రనైన కుండ దొరలకుండ క్రింద నుంచు గడ్డిచుట్టకు కుదురని పేరు. మనస్సు నిలుకడ నొందినను, ఒప్పందము స్థిరపడినను కుదిరిన దందుము. ఉట్టి, దండెము, చిలుకకొయ్య, అటక, గూడు, గాదె మున్నగున వన్నియు వస్తువుల పేరులు గావు, వస్తువుల నుంచు చోటుల పేరులు. ఇన్ని చోటులకు వేర్వేఱు పేరులు గల భాషలో ఆ చోటుల నెఱిగినవారి విద్య యెంతటిదో యూహింపవచ్చును. ఉపస్కరమునకు మాత్రము నేడు మన మందఱమును వాడుమాట ‘సామాను’. అది పారసీకమునుండి వచ్చినది. తెలుగున దానికి ‘తట్టుముట్లు’ అను పేరు గలదు. అందలి ‘ముట్టు’ పనిముట్టునందు నేటికిని జీవించియున్నది.