ట్యాంకు – చెరువు

అగళి ప్రాంతమున తెలుగు, కన్నడము ఇరుగుపొరుగు భాషలు. మనము చెరువు అనుదానిని కన్నడిగులు కెరె అందురు. కివి–చెవి, కై–చేయి అను జంటలవలె ఇదియు ఒకే మాటకు రెండు రూపములు. అక్కడి కకారము ఇక్కడ చకారమైనది. సరిహద్దున ఇంత చుట్టరికముగల మాట ఉండగా, ఇంగ్లీషు దొరతనమువారి దస్తరములలో మన చెరువులకు ‘ట్యాంకు’ అను పేరు పడినది. ఈ మాట ఎక్కడిది?

ఇది ఇంగ్లండున పుట్టినది కాదు. 17వ శతాబ్ది ఆరంభమున ఇంగ్లీషువారు మన దేశమున దీనిని విని గ్రహించిరి. గుజరాతీ, మరాఠీ భాషలలో ఇట్టి మాటకే నేలలో కట్టిన నీటితొట్టి అని అర్థము. పోర్చుగీసువారి ‘తాంకె’ అనగా మడుగు. పారు నీటిని ఆపుట దాని మూలార్థము. నిఘంటువులు ఈ రెండు మూలములను చూపుచున్నవి.

పోను పోను ఈ మాట నీటిని, నూనెను నిలువజేయు తొట్టికి పేరైనది. 1915లో బ్రిటిషువారు ఒక యుద్ధశకటమును రహస్యముగా నిర్మించుచు, అది నీటితొట్టి అని నమ్మించుటకు ట్యాంకు అని పేరు పెట్టిరి. 1916 సెప్టెంబరు 15న సోమ్ రణరంగమున అది తొలిసారి నడచినది. మారుపేరే అసలు పేరై నిలిచినది.

మాటలు ఇట్లు దేశములు తిరుగుట వింత కాదు. కాని తొట్టికి నాలుగు గోడలు చాలును. చెరువునకు వాన పడు నేల, వాగు, కట్ట, తూము, మిగులు నీరు పోవు మరువ, దిగువ ఆయకట్టు అన్నియు కావలెను. ఆయకట్టునకు సాటి మాట దొరకకయే కాబోలు, ఇంగ్లీషు దస్తరములు ఆ మాటనే ఉంచుకొన్నవి. చిత్రావతి నీటితో నిండు బుక్కపట్నము, ధర్మవరము చెరువులను చూచినవారికి ఈ భేదము చెప్పనక్కర లేదు.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. 1000 మంది కూలీలు, 100 బండ్లు 2 సంవత్సరములు పనిచేసినట్లు అందు కలదు. చెరువునకు కావలసిన 12 అంగములను, తగని 6 దోషములను అది లెక్కించినది. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట అందొక దోషము. నీరు ఎల్లలెరుగదు, దానిని కాచు బాధ్యతకు మాత్రము ఎల్లలున్నవని ఆనాటివారు ఎరుగుదురు.

నేడు ట్యాంకు అన్నచో మనకు మిద్దెమీది నీటితొట్టియే తోచును. దానిని నింపు బోరుబావికి, చెరువునుండి నేలలోనికి ఇంకిన నీరే పలుచోట్ల ఆధారము. ఊరి చెరువు పూడిపోయినచో మిద్దెమీది ట్యాంకునకు ఉత్త పేరే మిగులును.