మిస్సోరి గట్టున ఏటవాలు ఊరు

బిస్మార్క్‌కి ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన మనవాళ్లు నాలుగు రోజులు కాకముందే అడుగుతారు: "ఇక్కడ చూడ్డానికేముంది అక్కా?" నార్త్ డకోటా అంటే చలి, గాలి, కనుచూపు మేర గడ్డి అని ఎవరో చెప్పే పంపి ఉంటారు. అందమే కావాలంటే కెనడా సరిహద్దులో అడవుల మధ్య మెటిగోషి సరస్సు ఉంది. గ్రాండ్ ఫోర్క్స్ దగ్గర చెట్ల నీడన పారే టర్టిల్ రివర్ ఉంది. రెండూ స్టేట్ పార్కులే, రెండూ చూడదగ్గవే. నేను మాత్రం ముందు మిస్సోరి నది దాటించి, మాండన్ పట్నానికి దక్షిణాన ఏడు మైళ్లలో ఉన్న ఫోర్ట్ ఏబ్రహాం లింకన్ స్టేట్ పార్కుకు పంపుతాను. ఈ నేల మీద ఎవరు బతికారో తెలియకుండా ఇక్కడ కాపురం పెట్టడం నాకు నచ్చదు.

రాష్ట్రంలోని స్టేట్ పార్కుల్లో అదే పాతది. 1907లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ నేలను రాష్ట్రానికి దఖలు పరిచాడు. లోపలికి వెళ్లగానే అందరూ కస్టర్ ఇంటి వైపు నడుస్తారు. ఏడో అశ్వికదళాన్ని నడిపిన జార్జ్ కస్టర్ 1873 నుంచి ఇక్కడే ఉన్నాడు. 1876 మే 17న ఇక్కణ్ణుంచే దండు కదిలింది. జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయాన్ వీరుల చేతిలో అతనూ, అతని వెంట ఉన్న బలగమూ హతమయ్యారు. ఆ కబురు జులై మొదటి వారంలో ఈ ఇంటికే చేరింది. గైడ్లు ఈ కథను కళ్లకు కట్టినట్టు చెబుతారు. అయితే ఇప్పుడు మనం చూసేది 1989లో, రాష్ట్రం ఏర్పడి వందేళ్లయిన సందర్భంగా కట్టిన ఇల్లు. 1891లో సైన్యం కోటను వదిలేశాక చుట్టుపక్కల వాళ్లు దూలాలూ పలకలూ ఊడదీసుకుని తమ ఇళ్లకూ కొట్టాలకూ వాడుకున్నారు. నిలిచినన్నాళ్లూ లెక్కేసినా ఆ కోట వయసు ఇరవై ఏళ్లు దాటదు.

దానికి దగ్గర్లోనే, హార్ట్ నది వచ్చి మిస్సోరిలో కలిసే చోట, రెండు వందల ఏళ్లు బతికిన ఊరొకటి ఉంది. సుమారు 1575 నుంచి 1781 దాకా మాండన్ జాతి వాళ్లు అక్కడ కాపురమున్నారు. గట్టు నది వైపు వాలి ఉండటంతో ఇంగ్లీషులో దానికి 'ఆన్-ఎ-స్లాంట్' అన్న పేరు పడింది. డెబ్బై ఎనభై మట్టి ఇళ్లు. నడుమ నాలుగు లావుపాటి కాటన్‌వుడ్ స్తంభాలు పాతి, పైన దూలాలు పేర్చి, విల్లో కొమ్మలూ గడ్డీ పరిచి, ఆపైన మన్ను కప్పేవారు. పొగ పోవడానికి నడినెత్తిన ఒక కంత. మైనస్ ముప్పై చలిలో కూడా ఆ మట్టి మందం లోపలి వెచ్చదనాన్ని కాపాడేది.

ఇల్లు కట్టే పని చాలావరకు ఆడవాళ్లది, ఇల్లూ ఆడవాళ్లదే. అక్కచెల్లెళ్లు ఒక కప్పు కింద ఉంటే మొగుళ్లు ఇల్లరికం వచ్చేవారు. చేలు కూడా ఆడవాళ్ల చేతిలోనే ఉండేవి. బైసన్ భుజపుటెముకకు కర్ర కట్టి పార చేసుకుని, నది పక్క ఒండ్రులో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పొద్దుతిరుగుడు వేసేవారు. వేసవి పొట్టిగా ఉండే ఈ చోట పంట చేతికొచ్చేలా తరతరాలుగా విత్తనం ఏరుకుంటూ వచ్చిన మొక్కజొన్న వాళ్లది. సంచార జాతులు మాంసం, తోళ్లు తెచ్చి ఆ గింజలు తీసుకెళ్లేవి. ఇక్కడి బయలును చూసి ఖాళీ నేల అనుకునే వాళ్లకు నేను ముందు చెప్పేది ఈ సంగతే: ఇది వ్యవసాయం, బజారు ఉన్న గడ్డ.

పార్కులో తిరిగి కట్టిన మాండన్ మట్టి ఇంట్లోకి వెళ్లినప్పుడు గైడ్ గింజలు దాచిన గోతుల గురించి చెప్పింది. సన్నని మూతి, లోపల వెడల్పు, మనిషి నిలువు మించిన లోతు, చుట్టూ ఎండుగడ్డి పొర. నిచ్చెన వేసుకుని దిగాలి. నాకు వెంటనే కర్నూలు జిల్లాలో మా అమ్మమ్మ ఇంటి జొన్నల పాతర గుర్తుకొచ్చింది. అమ్మమ్మ పాతర మూత తీసిన వెంటనే ఎవర్నీ దిగనిచ్చేది కాదు. లోపలి చెడుగాలి పోవాలని కాసేపు ఆగి, దీపం దించి చూసి, అది ఆరకపోతేనే మనిషిని దించేది. మాండన్ల పొరుగువారైన హిడాట్సా జాతిలో బఫలో బర్డ్ వుమన్ అనే పెద్దావిడ ఈ గోతులు తవ్వడం, కంకులు జడలల్లి పేర్చడం, గుమ్మడి ముక్కలు ఎండబెట్టడం అంతా మానవశాస్త్రవేత్త గిల్బర్ట్ విల్సన్‌కు వివరంగా చెబితే అది 1917లో పుస్తకమైంది. సేద్యపు ఇంట పుట్టినవాళ్లెవరైనా ఆమె మాటను పట్టుకోగలరు.

1781లో మశూచి వచ్చింది. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవాళ్లు ఉత్తరాన నైఫ్ నది దగ్గరికి, హిడాట్సాల పక్కకు తరలిపోయారు. 1804 అక్టోబరులో అన్వేషకులు లూయిస్, క్లార్క్ పడవల మీద ఇటుగా వెళ్తూ చూసింది ఈ ఊరి శిథిలాలనే. ఈ ఊళ్లోనే పుట్టిన షెహెకె అనే నాయకుడు తర్వాత వాళ్లతో వాషింగ్టన్‌దాకా వెళ్లి అధ్యక్షుడు జెఫర్సన్‌ను కలిశాడు. దారిలో పోరాటాల వల్ల తిరిగి తన వాళ్లను చేరేసరికి 1809 వచ్చింది. 1837లో స్టీమర్ వెంట మశూచి మళ్లీ వచ్చింది. దాదాపు పదహారు వందల మంది మాండన్లలో నూటపాతిక మందో, కాస్త ఎక్కువో మిగిలారు. ఆ సంఖ్య రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

1930ల కరువులో ప్రభుత్వ ఉపాధి పథకమైన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్లు ఈ పార్కుకు వచ్చారు. జీతం నెలకు 30 డాలర్లు, అందులో 25 ఇంటికే పోయేవి. పార్కులోని రాతి మ్యూజియం, గుట్ట మీద కోట బురుజులు, మొదట తిరిగి కట్టిన మట్టి ఇళ్లు వాళ్ల చెమటే. కొత్తగా కట్టినవి సరే, గడ్డిలో అక్కడక్కడా గుండ్రటి పల్లాలు కనిపిస్తాయి, అవి అసలు ఇళ్లు నిలిచిన చోట్లు. వాటి అంచున నెమ్మదిగా నడవమని చెబుతాను.

ఈ కథ అక్కడితో ఆగదు కాబట్టి, రెండో వారం గంటన్నర ఉత్తరాన గారిసన్ డ్యామ్ పక్కనున్న లేక్ సకాకవియా స్టేట్ పార్కుకు వెళ్లమంటాను. చేపలు పట్టేవాళ్లకూ పడవలవాళ్లకూ అది స్వర్గం. మాండన్, హిడాట్సా, అరికారా మూడు జాతులూ చివరికి చేరిన ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్లో లక్షన్నర ఎకరాలకు పైగా ఆ నీటి కిందే ఉంది. నది ఒడ్డు ఒండ్రు చేలు దాదాపు అన్నీ అందులోవే. ఎల్బోవుడ్స్ అనే ఊరు ఆసుపత్రీ బడీతో సహా మునిగింది. 1948లో వాషింగ్టన్‌లో ఆ నేలను అప్పగించే ఒప్పందం మీద సంతకాలు జరుగుతుంటే జాతి మండలి అధ్యక్షుడు జార్జ్ జిలెట్ చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్న ఫొటో ఇప్పటికీ ఉంది. 1953కల్లా డ్యామ్ నదికి అడ్డంగా మూసుకుంది. మా అమ్మమ్మ ఊరు 1981లో శ్రీశైలం నీళ్లలో పోయింది. ఆ పాతర కూడా. ఆ ఫొటో ముందు నేను ఎక్కువసేపు నిలబడలేను.

నీళ్లు మింగనిది ఒకటుంది. బిస్మార్క్ విత్తనాల వ్యాపారి ఆస్కర్ విల్‌కు 1880లలో సన్ ఆఫ్ స్టార్ అనే హిడాట్సా మనిషి ఇచ్చిన చిక్కుడు గింజలే ఇప్పుడు అమెరికా అంతటా దుకాణాల్లో 'గ్రేట్ నార్తర్న్' పేరుతో అమ్ముడవుతున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ తెల్ల గింజల సంచి చూపించి, ఇవి ఈ నది ఒడ్డువే అని చెబుతాను. నాకు ఇంకో కోరిక ఉంది. ఇరవై ఏళ్లు కూడా పూర్తిగా నిలవని కోట పేరు పార్కు గేటు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. రెండు వందల ఏళ్లు పంట పండించిన ఊరి పేరును కూడా అంతే పెద్దగా, దాని పక్కనే రాయాలి.