జాడీ లోపల, కంచం బయట

కిందటేడు చవితికి నాలుగు రోజుల ముందు మట్టి వినాయకుడి కోసం ధూల్‌పేట వెళ్ళాను. ఎప్పుడో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ లోధ్ కుటుంబాలు తరతరాలుగా విగ్రహాలు చేస్తున్న పేట అది. సందుల్లో ఇంకా రంగు పడని ప్లాస్టర్ వినాయకులు తెల్లగా బారులు తీరి ఉన్నారు. ఓ గుమ్మంలో మాత్రం ఒకావిడ మట్టితో చిన్న చిన్న బొమ్మలు చేస్తోంది. ఆవిడ పక్కన కుంచెలు పెట్టుకున్న పాత్ర చూసి ఆగిపోయాను. పైన గోధుమరంగు, కింద తెలుపు. అచ్చం మా ఇంట్లో ఆవకాయ జాడీ! మూతి పగిలింది, అంతే.

"విగ్రహాన్ని కూడా ఆ జాడీలాగా కాల్చేస్తే గట్టిగా ఉంటుంది కదమ్మా?" అన్నాను, పెద్ద తెలిసినదానిలాగా.

ఆవిడ నవ్వి, "కాలిస్తే నీళ్ళల్ల కలుస్తాడా అమ్మా?" అంది.

నిజమే. ఎండిన మట్టి తడిస్తే మళ్ళీ బురదే. కాల్చామా, ఇక వెనక్కి రాదు. కుండని తక్కువ వేడిలో కాలుస్తారు గనక దాని ఒంటినిండా సన్నని రంధ్రాలుంటాయి. అందుకే అందులో నీళ్ళు చల్లబడతాయి. జాడీ మట్టిని 1200 డిగ్రీల దాకా, ఒక్కోసారి దాటించి కాలుస్తారు. ఆ వేడికి మట్టిలో కొంత గాజులా కరిగి రంధ్రాల్ని పూడ్చేస్తుంది. ఇక ఉప్పూ, నూనే, పులుపూ దాన్నేమీ చెయ్యలేవు. స్టోన్‌వేర్ అంటే ఇదే.

ఈ రాతిమట్టి జాడీ రూపంలో మన మడి వంటింట్లోకి దర్జాగా వచ్చేసింది. కంచం రూపంలో మాత్రం గడప దాటలేకపోయింది. పెళ్ళైన కొత్తలో ముచ్చటపడి ఆరు పింగాణీ కంచాలు కొన్నాను. మా అత్తగారు వాటిని వసారా బీరువాలో పెట్టించారు. "అదీ మట్టే, ఇదీ మట్టే కదత్తయ్యా!" అంటే, "జాడీలో ఎవరూ తినరుగా అమ్మాయ్!" అన్నారు.

ఆవిడ మాటలో పాత తర్కం లేకపోలేదు. కుండలాంటి మట్టిపాత్ర ఎంగిలిని పీల్చుకుంటుంది, తిన్నాక పారెయ్యాల్సిందే. పీల్చుకోని మట్టికి కూడా అదే శిక్ష వేశాం. పోనీ, ఎంగిలి భయమే అయితే అందరికీ ఒకటే ఉండాలి కదా? మావారి స్నేహితుల్లో కొందరికి స్టీలు కంచం, కొందరికి ఆ వసారా కంచం. ఇంటిపేరు విన్నాక ఏ కంచమో నిర్ణయమయ్యేది. వడ్డించింది నేనే. ఒక్కసారీ నోరు మెదపలేదు.

ధూల్‌పేట నుంచి వస్తూ మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర దిగాను. 1951లో నెహ్రూగారు దివాన్ దేవిడీలో ప్రారంభించిన ఈ మ్యూజియం 1968లో ఇప్పటి భవనానికి మారింది. అందులో లేత ఆకుపచ్చ చైనా పళ్ళాలున్నాయి. 'ఘోరీ' పళ్ళాలంటారు. అవీ స్టోన్‌వేరే. విషం కలిపిన అన్నం పెడితే పగులుతాయనో, రంగు మారతాయనో నమ్మేవారట. పూతలో ఉన్న కాస్త ఇనుము, గాలి చాలని బట్టీలో కాలి ఆ పచ్చదనం ఇస్తుంది గానీ, విషం సంగతి దానికేం తెలుసు? అయినా ఆ పళ్ళాలు చైనాలోని లాంగ్‌చువాన్ బట్టీల నుంచి ఇస్తాంబుల్ సుల్తానుల తోప్‌కాపి భవనం దాకా వెళ్ళాయి. వాటిముందు నిలబడితే ఆ ప్రభువులమీద జాలేసింది. పక్కవాడు విషం పెడతాడని వాళ్ళకి భయం, పక్కవాడు తాకితేనే విషమని మనకి.

ఇప్పుడు మా అమ్మాయి ఓ చిన్న స్టూడియోలో ఈ కంచాలు చెయ్యడం నేర్చుకుంటోంది. నేనూ వెళ్ళి చూశాను. మట్టిలో ఎక్కువైన తడి లాగడానికి దాన్ని ప్లాస్టర్ పలకమీద పిసుకుతారు. ధూల్‌పేట వినాయకుల ప్లాస్టరే అది! 12 అంగుళాల కంచం చేస్తే, ఎండి, రెండుసార్లు కాలి, పదిన్నరకి కుదించుకుపోతుంది. అంచులు సమంగా ఎండకపోతే వంకరే. మా అమ్మాయి చేసిన ఆరింట్లో రెండు అలాగే పోయాయి.

మిగిలిన నాలుగూ ఇంటికి తెచ్చింది. మా అత్తగారు ఒకటి తిరగేసి, పూతలేని అడుగుమీద నీటిచుక్క వేసి, ఇంకుతుందేమోనని చాలాసేపు చూశారు. ఇంకలేదు. కంచం తుడిచి, మాట్లాడకుండా లోపలికి పట్టుకెళ్ళారు.

నేను వెనకే వెళ్ళి చూద్దును కదా, ఆవకాయ జాడీ కింద పెట్టి ఉంది.